సిరోంచ సీమ ఆహార చరిత్ర: స్థానిక, సేంద్రియ ధాన్య విచారము

పడమట ప్రాణహిత, దక్షిణమున గోదావరి, తూర్పున ఇంద్రావతి పొదివికొనియున్న సీమ సిరోంచ. మహారాష్ట్రమున గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొసయందున్న ఈ తాలూకాలో తెలుగు ఇంటి భాషగాను, అంగడి భాషగాను నేటికిని నిలిచియున్నది. గోండులు, మాడియాలు తమ భాషను, ఉద్యోగులును విద్యార్థులును మరాఠీని వాడుచుందురు. పొలము పనిలో, ధాన్యపు కొలతలో, కూరగాయల బేరములో మాత్రము తెలుగే ముందుండును. ఈ సీమ రాజకీయ చరిత్రను గూర్చి కొంత వ్రాయబడినది. కాని ఇచ్చటి ప్రజలు ఏమి తినిరి, ఏది ఇంట పండించిరి, దేనిని బయటినుండి కొనిరి అను విషయము తగినంతగా చర్చింపబడలేదు. సేంద్రియ ధాన్యము కొనదగునా, దగ్గర పండినదే తినదగునా అను ప్రశ్న నేడు నగరములనుండి పల్లెలవరకు వినబడుచున్నది. ఈ ప్రశ్నకు సిరోంచ చరిత్రలో కొన్ని సమాధానములును, కొన్ని హెచ్చరికలును కలవు.

పూర్వపు భోజనము

రైలు, మోటారు బండ్లు రాకమునుపు ఈ సీమ ఆహారము రెండు మూలములనుండి లభించెడిది. మొదటిది పొలము. చెరువుల క్రింద, లోతట్టు మళ్లలో వరి పండెడిది. మెట్ట భూములలో జొన్న, కంది, పెసర, నువ్వులు, చిరుధాన్యములు పండెడివి. జొన్న గటక, అంబలి పేదవాని దినభోజనము. వరియన్నము కలవారికి నిత్యము, లేనివారికి పండుగనాడు. రెండవది అడవి. ఇప్పపువ్వు, మొఱ్ఱిపండ్లు, తునికిపండ్లు, ఉసిరిక, చింతపండు, తేనె, వెదురు మొలకలు, దుంపలు, ఆకుకూరలు ఆయా ఋతువులలో ఇంటికి చేరెడివి. ఏటిచేపలు పచ్చిగాను, ఎండబెట్టియు వాడుకొనెడివారు. పంట తప్పిన యేట అడవియే గాదె.

ఆ కాలమున రసాయనికపు ఎరువు లేదు గనుక ఈ ధాన్యమంతయు నేటి మాటలో సేంద్రియమే. దూరమునుండి తెచ్చుటకు బాట లేదు గనుక అంతయు స్థానికమే. ఈ రెండును నాటివారు కోరి చేసికొన్న నిర్ణయములు కావు, కాలస్థితులు విధించిన నియమములు. పూర్వుల యాహారమును ప్రశంసించువారు ఈ భేదమును గుర్తింపవలెను. ఎంచుకొను వీలు లేనిచోట నిర్ణయమను మాటకు అర్థము లేదు.

అట్టి స్థితిలోను ఒక వస్తువు మాత్రము తప్పక దూరమునుండి రావలసియుండెను. అది ఉప్పు. సముద్రతీరపు ఉప్పును బంజారాలు ఎడ్ల మందలపై మోసికొని వచ్చి, బదులుగా ధాన్యమును, అడవి సరకును కొనిపోయెడివారు. కావున పూర్తిగా తన పంటతోనే బ్రదికిన పల్లె ఈ సీమలో ఏనాడును లేదనుట సత్యము. స్వయంపోషకమని చెప్పబడు ప్రతి గ్రామమును ఉప్పు విషయమున సముద్రమునకు ఋణపడియే యుండెను.

నదీమార్గపు ప్రయత్నము

1860లో నిజాము ప్రభుత్వమునకును ఆంగ్లేయులకును జరిగిన సంధివలన గోదావరి, ప్రాణహితల ఎడమ గట్టున నున్న సిరోంచ, చెర్ల, ఆల్బాక, నూగూరు, భద్రాచలము, రేకపల్లి తాలూకాలు ఆంగ్లేయుల వశమైనవి. ఆ సంధిలో గోదావరిపై సాగు సరకులకు సుంకము లేకుండవలెనను నిబంధనయు కలదు. ఈ భాగము ఎగువ గోదావరి జిల్లాగా ఏర్పడి, 1861లో నెలకొన్న మధ్యపరగణాలలో చేరినది. సిరోంచ దానికి ముఖ్యస్థానమైనది.

ఆంగ్లేయులు ఈ అడవిసీమను కోరుటకు కారణము దాని పంటలు కావు, దాని నదులు. ధవళేశ్వరము ఆనకట్టను 1852 నాటికి పూర్తిచేసిన ఆర్థర్ కాటన్ గోదావరిని ఎగువదాక నౌకామార్గముగా మార్చవలెనని వాదించెను. బీరారు ప్రత్తి పడవలపై తీరమునకు దిగవలెను. తీరపు ఉప్పు అవే పడవలపై ఎగువకు పోవలెను. ఇది ఆ యోచన సారాంశము. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము మొదలై ఇంగ్లండు మిల్లులకు ప్రత్తి కఱవగుటచే ఈ యోచనకు బలము చేకూరినది. దుమ్ముగూడెము, ఇచ్చంపల్లి, దేవలమర్రి యను మూడు రాతి అవరోధములవద్ద పనులు సాగినవి. కాని 1867లో రైలు నాగపురము చేరెను. ప్రత్తి పడమటి దారిన బొంబాయికి పోజొచ్చెను. 1871లో నదీమార్గపు పనులు నిలుపబడినవి. 1874లో ఎగువ గోదావరి జిల్లా రద్దయి, సిరోంచ చాందా జిల్లాలో కలిసినది.

ఆహార చరిత్రలో ఈ ఘట్టము ముఖ్యమైనది. తినెడి పంటకంటె అమ్మెడి పంటకే బాట వేయబడునని ఇది తెలుపుచున్నది. ప్రత్తికొఱకు త్రవ్వబడిన కాలువ ప్రత్తి మఱియొక దారి పట్టగానే విడువబడినది. ఉప్పు చవుకగా వచ్చునని ఎదురుచూచిన పల్లెవాని అవసరము ఆ పనులను నిలుపలేకపోయెను. 1929లో కాజీపేట, బలార్షాల నడుమ రైలుమార్గము పూర్తియైనప్పుడును అది ప్రాణహితకు ఆవలిగట్టు పక్షముననే సాగినది. సిరోంచకు రైలు రాలేదు, నేటికిని లేదు.

స్థానికాహారపు కష్టములు

ఒంటరితనము ఆహారమును శుద్ధముగా నుంచినదేమోగాని, క్షేమముగా నుంచలేదు. 1896-97 లోను, 1899-1900 లోను మధ్యపరగణాలను రెండు ఘోరమైన కఱవులు పీడించినవి. వాన తప్పినప్పుడు చుట్టుపట్ల నూరామడ పంటలన్నియు ఒక్కసారిగానే తప్పును. అప్పుడు దగ్గరి ధాన్యము ఉండదు, దూరపు ధాన్యమే ప్రాణము నిలుపవలెను. బండిబాట లేని పల్లెకు ధాన్యము చేరుట ఎంత దుర్లభమో చెప్పనక్కరలేదు.

పోషణ విషయమునను ఇట్టి హెచ్చరికయే కలదు. మధ్యభారతమున నీరు చాలకున్నను పండెడి కేసరి పప్పు కఱవు దినములలో పేదలకు ఆధారమైనది. దానినే ప్రధానాహారముగా నెలల తరబడి తిన్నవారికి కాళ్లు చచ్చుబడుచుండెను. 1830 ప్రాంతమున సాగరు సీమలో ఈ వ్యాధి ప్రబలుటను స్లీమన్ వర్ణించియున్నాడు. 1961లో భారత ప్రభుత్వము ఆ పప్పు విక్రయమును నిషేధించినది. ఆ పప్పు స్థానికమే, ఏ మందును చల్లక పండినదే. అయినను అది మనుష్యులను కుంటివారిని చేసెను. ఇట్లే జొన్న మీదనే బ్రదికిన తెలంగాణపు పేదలలో పెల్లాగ్రా వ్యాధి కనబడుటను హైదరాబాదులో గోపాలన్, శ్రీకంఠయ్య గారలు పరిశోధించి, 1960లో జొన్నలోని ల్యూసిన్ అను పదార్థముతో దానికి సంబంధమును సూచించిరి. జొన్న చెడ్డ ధాన్యమని దీని అర్థము కాదు. పప్పు, పాలు, ఆకుకూరలు తోడులేని ఏకధాన్య భోజనమే అసలు దోషము.

అయొడిన్ విషయమును ఇచ్చట చేర్పదగును. నేలలో అయొడిన్ కొఱతయున్నచోట ఆ నేలపై పండిన పంటయందును ఆ కొఱత యుండును. 1962లో దేశమున ప్రారంభమైన గలగండ నివారణ కార్యక్రమము అయొడిన్ చేర్చిన ఉప్పును సాధనముగా గైకొన్నది. పూర్వమువలెనే నేడును ఉప్పు దూరమునుండియే రావలెను, రావడమే మేలు.

స్థానికమనగా నేమి?

దగ్గర పండినది కొనవలెనని చెప్పుట సులభము. సిరోంచలో నిలిచి ‘దగ్గర’ యనగా నేమో నిర్ణయించుట అంత సులభము కాదు. ఈ సీమ సరిహద్దులు పలుమారులు మారినవి. భద్రాచలము, రేకపల్లి 1874లో మద్రాసు రాజధానిలో చేరినవి. చెర్ల, ఆల్బాక, నూగూరు ప్రాంతములు ఇరువదవ శతాబ్ది తొలి దశకమున అదే దారిన పోయినవి. మిగిలిన సిరోంచ 1956లో మధ్యప్రదేశమునుండి బొంబాయి రాష్ట్రములోనికి, 1960 మే 1న మహారాష్ట్రములోనికి వచ్చినది. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడినది. నదికి ఆవలనున్న భూమి హైదరాబాదు రాష్ట్రమై, ఆంధ్రప్రదేశమై, 2014లో తెలంగాణమైనది. ఒక శతాబ్దిన్నర కాలములో అన్ని పేర్లు మారినను, గట్టునకు ఈవల ఆవల పండు వరి, కంది, మిరప మాత్రము మారలేదు.

జిల్లా ముఖ్యపట్టణమైన గడ్చిరోలి సిరోంచకు రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. కాళేశ్వరము గోదావరి దాటినంతనే కలదు. ప్రాణహిత దాటిన కోటపల్లి పల్లెలు కలవు. ఒకప్పుడు పడవలపై దాటెడి ఈ నదులపై ఇటీవల వంతెనలు వెలసినవి. ఇచ్చటి కుటుంబములకు ఆవలిగట్టున బంధువులు కలరు, పెండ్లి సంబంధములు కలవు, అంగడి కలదు. మహారాష్ట్రపు ముద్ర వేసిన సంచి నాగపురమునుండి వచ్చినను స్థానికమనియు, తెలంగాణపు గంప ఏరు దాటి వచ్చినను పరదేశమనియు చెప్పుట హాస్యాస్పదము. కావున ఈ సీమలో స్థానికతకు కొలబద్ద నదియే కావలెనుగాని పటము మీది గీత కారాదు. ప్రాణహిత, గోదావరి, ఇంద్రావతుల నీటితో పండి, కొనువాడు తలచుకొన్నచో ఒక్కదినములో పోయి పొలమును కన్నులార చూచి రాదగినది స్థానికము.

రసాయనముల రాక

1966 తరువాత దేశమున అధికదిగుబడి వంగడములు వ్యాపించినవి. అవి దేశమును ధాన్యపు దిగుమతినుండి తప్పించినవి. ఈ ఉపకారమును మరచుట కృతఘ్నత. కాని ఎరువుల సంచి వెంట పురుగుమందు డబ్బాయు వచ్చినది. నదీతీరపు నల్లనేలలలో ప్రత్తి, మిరప విస్తరించినవి. ఈ రెండును మందులు ఎక్కువగా కోరు పంటలు. మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు రైతులు సైతము తమ మిర్చిని వరంగల్లు ఎనుమాముల మార్కెట్టునకు కొనిపోవుదురు. గడ్చిరోలి కూలీలు వేసవికి ముందు మిరప కోతకు తెలంగాణపు పల్లెలకు తరలిపోవుదురు.

మందుల కీడు మొదట తినువానికంటె చల్లువానికి తగులును. 2017లో విదర్భలోని యవత్మాళ్ జిల్లాలో ప్రత్తిచేలపై మందు చల్లిన రైతులు, కూలీలు ఇరువదిమంది వరకు మరణించిరి. వందలకొలది ఆసుపత్రుల పాలైరి. సేంద్రియ ధాన్యము కొనుటను గూర్చి మాటలాడువారు సాధారణముగా తమ పళ్లెములోని శేషమును గూర్చియే చింతింతురు. యవత్మాళ్ దుర్ఘటన ఆ చింతను పొలములోనికి మరల్చుచున్నది.

సేంద్రియ సాగు: వాదములు, నిదర్శనములు

సేంద్రియ సాగు పశ్చిమమునుండి వచ్చిన వింత కాదు. ఆల్బర్ట్ హోవార్డ్ 1905లో పూసాకు వచ్చి, 1924 నుండి 1931 వరకు ఇందూరులో పనిచేసి, భారతీయ రైతుల పద్ధతులను పరిశీలించి, చెత్తను పెంటతో కలిపి ఎరువుగా మార్చు విధానమును క్రమబద్ధము చేసెను. 1940లో ఆయన ప్రకటించిన గ్రంథము ఆ యుద్యమమునకు మూలగ్రంథములలో నొకటి. తెలుగునేలపై జహీరాబాదు ప్రాంతమున 1983లో స్థాపితమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత స్త్రీల సంఘములు చిరుధాన్యములను, విత్తనములను కాపాడినవి. ఆ స్త్రీల కృషికి 2019లో ఈక్వేటర్ బహుమానము లభించినది. నేటి జనగామ జిల్లాలోని ఏనెబావి గ్రామము ఊరంతయు కలిసి రసాయనములను విడిచినది. ఖమ్మము సీమలోని పునుకుల పల్లె పురుగుమందులను మానినది. ఈ రెండు పల్లెలును చూపినదేమనగా, ఒక్క రైతు మానుటకంటె ఊరు మానుట సుకరమని.

దీనికి ప్రతివాదమును వినవలెను. 2012లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పెక్కు అధ్యయనములను సమీక్షించి, సేంద్రియాహారము పోషణలో మిన్న యనుటకు బలమైన ఆధారము లేదనియు, పురుగుమందుల శేషము మాత్రము అందు తక్కువగా కనబడుననియు చెప్పిరి. 2008లో కార్నెగీ మెలన్ పరిశోధకులు అమెరికా ఆహారమువలన వెలువడు ఉష్ణవాయువులలో రవాణా వంతు నూటికి 11 మాత్రమేననియు, అందధికభాగము పండించుటలోనే పుట్టుననియు లెక్కగట్టిరి. శ్రీలంక 2021లో రసాయనికపు ఎరువుల దిగుమతిని ఒక్కపెట్టున నిషేధించి, వరి దిగుబడి పడిపోగా ఆ యేడే వెనుకకు తగ్గెను. వీనివలన తేలునది యిది: దగ్గరది యైనంతమాత్రమున శుద్ధము కాదు, సేంద్రియ మైనంతమాత్రమున పుష్టికరము కాదు, మంచి మార్పైనను తొందరపాటున చెడును.

ముద్రల విషయమును చెప్పవలెను. దేశమున సేంద్రియ ఉత్పత్తులకు జాతీయ కార్యక్రమము 2001 నుండి కలదు. దాని ధ్రువీకరణము చిన్నరైతుకు ఖర్చుతో కూడిన పని. అందువలన 2011లో భాగస్వామ్య హామీ పద్ధతి ప్రవేశపెట్టబడినది. ఇందు ఐదుగురికి తక్కువ కాని రైతులు జట్టుగా చేరి, ఒకరి పొలమును మఱియొకరు తనిఖీచేసి, పరస్పరము హామీ నిత్తురు. 2017 నాటి ఆహార భద్రతా నియమములలో నేరుగా కొనువానికే అమ్ముకొను చిన్నరైతునకు ధ్రువీకరణమునుండి మినహాయింపు కలదు. కావున సిరోంచ అంగడిలో గంప పెట్టుకొని కూర్చున్న స్త్రీ వద్ద ముద్ర లేకపోవుట దోషము కాదు. నగరపు దుకాణములోని పొట్లముపై ముద్రయుండుటయే సర్వస్వమును కాదు.

భూమి, అడవి, నది

కొనువాని నిర్ణయమునకు మూలముగా అమ్మువాని హక్కు ఉండవలెను. అడవి యాహారము దొరకవలెనన్న అడవిపై పల్లెకు అధికారముండవలెను. 2006 అటవీహక్కుల చట్టము క్రింద 2009లో గడ్చిరోలి జిల్లాలోని మేంఢా లేఖా గ్రామము సాముదాయిక అటవీహక్కును దేశముననే మొదటగా పొందిన గ్రామములలో నొకటైనది. ఇప్పపువ్వును, తేనెను దళారి ధరకు అమ్మనక్కరలేని స్థితికి అట్టి హక్కే పునాది.

నది విషయము ఇంకను క్లిష్టము. 2016లో రెండు రాష్ట్రములకు కుదిరిన ఒడంబడిక ననుసరించి గోదావరిపై మేడిగడ్డ ఆనకట్ట నిర్మితమై 2019 జూన్ 21న ప్రారంభమైనది. దాని ఒక కొస భూపాలపల్లి జిల్లాలోను, రెండవ కొస సిరోంచ తాలూకాలోను కలవు. తమ తీరభూములు ముంపునకు, కోతకు గురియైనవని సిరోంచ రైతులు పలుమారులు ఆందోళన చేసిరి. 2023 అక్టోబరులో ఆనకట్ట స్తంభములు కొన్ని క్రుంగినవి. దూరపు పొలములకు నీరీయదలచిన పని దగ్గరి పొలమునకు చేయు నష్టమును ఎవరు భరింపవలెను? ప్రత్తికొఱకు నదిని మార్గము చేయజూచిన 1860 నాటి ప్రశ్నకు ఇది మఱియొక రూపము. తీరపు మడి పోయినచో తీరపు ధాన్యము కొనుమని ఎవరికిని చెప్పనక్కరలేదు.

నిర్ణయ విధానము

పై చరిత్రనుబట్టి ఒక్క సూత్రమును అన్ని వస్తువులకును వర్తింపజేయరాదని స్పష్టమగుచున్నది. ఉప్పు దూరమునుండి, అయొడిన్ చేర్చినదిగా కొనవలెను. ఆకుకూరలు, కూరగాయలు, చేపలు ఏటి చుట్టుపట్లవే కొనవలెను. దూరము పెరిగినకొలది వాని సారము తగ్గును. మిరప విషయమున దగ్గర యనుట చాలదు, ఏ మందు ఎన్నిమారులు చల్లిరో అడిగి కొనవలెను. అధికవ్యయము భరింపదగిన మొదటి వస్తువు ఇదియే. కంది, పెసర, నువ్వులు, చిరుధాన్యములు వానపై, తక్కువ మందులతో పండునవి గనుక వానిని తెలిసిన రైతువద్ద ఏడాదికి సరిపడ ఒక్కసారి కొనుట ఇరువురికిని లాభము. చౌకధాన్యపు బియ్యముపై ఆధారపడు పేదను ఆ బియ్యము తినుచున్నందుకు తప్పుపట్టుట ధర్మము కాదు. 1899 నాటివానికి ఆ దూరపు బియ్యము లేకపోవుటయే కదా కఱవు! ఆ బియ్యము ప్రక్కన పప్పును, ఆకుకూరను చేర్చుటయే ఆలోచింపవలసినది.

ఒక్కొక్క కుటుంబమునకు అలవికాని పని సంఘమునకు అలవియగును. నాగపురము, చంద్రపురము, ముంబయి నగరములలోని తెలుగు సంఘములు సిరోంచ సీమలోని ఐదారుగురు రైతుల జట్టునకు పంటకు ముందే మాట యిచ్చి, కోతనాడు పైకము చెల్లించు ఏర్పాటు చేసినచో, ఆ రైతులు మందు మానిన తొలి రెండు మూడు సంవత్సరముల దిగుబడి తగ్గుదలను ఓర్చుకొనగలరు. సేంద్రియ ధాన్యము కొనదగునా యను ప్రశ్నకు ధర యొక్కటే అడ్డు కాదు, నమ్మకమును అడ్డే. ఆ నమ్మకమును ముద్రకంటె పరిచయము త్వరగా కలిగించును. తెలుగు మాటలాడు కొనువాడును, తెలుగు మాటలాడు పండించువాడును ఏటికి ఈవల ఆవల నున్నంతకాలము ఆ పరిచయమునకు దుబాసి యక్కరలేదు. ఈ యవకాశమును సంఘములు రానున్న పంటకాలమునకు ముందే విచారించుట మంచిది.